ఫూలేశ్వరి పడవ ఎక్కిన రోజు

ఇల్లు అమ్మేద్దామని రాజ్ ప్రతి ఆదివారం అడుగుతాడు, నేను ప్రతి ఆదివారం వద్దంటాను. అతనికి ఈ దేశానికి ఆ చివరనున్న ఎడిసన్‌లో ఉద్యోగం వచ్చి ఏడాది దాటింది. అక్కడ ఎవరిదో బేస్‌మెంట్‌లో అద్దెకుంటూ, రైలెక్కి ఆఫీసుకు వెళ్లొస్తూ, ఓక్ ట్రీ రోడ్డులో అమ్మే పప్పూ కూరా డబ్బాల్లో తెచ్చుకుని తింటున్నాడు. ఇక్కడ బాతెల్‌లో నాలుగు పడగ్గదుల ఇంట్లో నేనొక్కదాన్నే ఉంటున్నాను. ఈ ఏర్పాటులో అర్థం లేదని చిన్నపిల్లలకు కూడా తెలుస్తుంది. రాజ్‌కు మరీ బాగా తెలుస్తుంది.

"మార్కెట్ ఇప్పుడు బావుంది రేణూ. సమ్మర్ దాటితే కష్టం."

"దాటనీ."

"మీ ఆఫీస్‌వాళ్లు రిమోట్‌కి ఒప్పుకున్నారుగా. ఇంకేంటి ప్రాబ్లమ్?"

ఇంకేమిటో అతనికీ తెలుసు. పేరు మాత్రం ఎత్తడు. పేరు ఎత్తే పని మా ఇంట్లో ఎప్పుడూ నాదే.

మా అమ్మాయి స్మృతి వెళ్లిపోయి నాలుగో ఏడు నడుస్తోంది. ఫార్మసీ చదువు సగంలో మానేస్తానంది, మేం కుదరదన్నాం, మాటా మాటా పెరిగింది. అలాంటి గొడవ ఏ ఇంట్లో జరగదు? పొద్దున్నకి సర్దుకుంటుందనుకుని పడుకున్నాం. పొద్దున గదిలో లేదు. "నేను బాగానే ఉన్నాను, వెతకొద్దు" అని ఒక మెసేజ్ వచ్చింది. తర్వాత ఆ నంబరే లేకుండా పోయింది. పోలీసులు వెతికి కనుక్కున్నారు. ఆమె క్షేమంగా ఉందని, మేజర్ కాబట్టి ఎక్కడుందో మాకు చెప్పకూడదని, మాతో మాట్లాడే ఉద్దేశం ఆమెకు లేదని మా డ్రాయింగ్‌రూమ్‌లో కూర్చుని చెప్పారు. ఆ చెప్పిన పోలీసు కుర్రాడు చాలా మర్యాదస్థుడు. ఆ మర్యాదకి నాకు ఒళ్లు మండిపోయింది.

ఇక్కడి తెలుగువాళ్ల పాట్‌లక్‌లలో మాత్రం స్మృతి బోస్టన్‌లో ఉద్యోగం చేస్తోంది. మధ్యలో ఒకసారి ప్రమోషన్ కూడా ఇచ్చాం. నేను ఇవ్వలేదు, రాజ్ ఇచ్చాడు.

దానికి మన ఫోన్ నంబర్లు తెలియవా, కావాలంటే చెయ్యదా అని రాజ్ వాదన. తెలుసు. కానీ నా కూతురు ఫోన్ చేసే రకం కాదు. చిన్నప్పుడు అలిగి పక్కింటికి పోతే, వెళ్లి ఎంత పిలిచినా వచ్చేది కాదు. ఆకలేసినప్పుడు తనంతట తానే వెనక తలుపు తోసుకుని వచ్చి, ఏమీ జరగనట్టు ఫ్రిజ్ తెరిచేది. ఇప్పుడైనా అలాగే వస్తుంది. వచ్చి తలుపు తోస్తే ఎవరో వేరేవాళ్ల వంటిల్లు కనిపించకూడదు. అందుకే ఇల్లు అమ్మను, దాని పుట్టినరోజు మీద పెట్టిన గరాజ్ కోడ్ కూడా మార్చను.

ఈ నమ్మకం నాకు ఊరికే రాలేదు. ఒక నవల్లోంచి వచ్చింది. చెబితే నవ్వుతారని రాజ్‌కి తప్ప ఎవరికీ చెప్పలేదు. అతను నవ్వలేదు గానీ, నన్ను జాలిగా చూశాడు. నవ్వినా బాగుండేది.

మా అమ్మ ఏలూరులో వారపత్రికలు తెప్పించేది. సీరియల్ నచ్చితే వారం వారం ఆ పేజీలు జాగ్రత్తగా ఊడదీసి దాచి, అయిపోయాక బైండింగ్ చేయించేది. ఆ రోజుల్లో చదివే ఆడవాళ్లున్న ప్రతి ఇంట్లోనూ అలాంటి బైండు పుస్తకాలు ఉండేవి. అచ్చయిన పుస్తకం కొనుక్కోవాలన్న ఆలోచనే ఎవరికీ వచ్చేది కాదు, ఇంట్లో ఉందిగా అనుకునేవాళ్లం. పేజీ తిప్పితే వెనక తలనొప్పి మాత్రల ప్రకటనో, సగంలో తెగిపోయిన గోంగూర పులుసు తయారీయో ఉండేది. అమ్మ పోయాక నేను ఇక్కడికి తెచ్చుకున్న ఒకే ఒక్క బైండు 'కోతగట్టు'.

అది అస్సామీ నవల. రాసినామె హేమాంగిని కాకతి. గౌహతిలో ఒక మాసపత్రిక నడిపేదని, ఈ నవల ముందు అందులోనే వచ్చిందని సీరియల్ మొదలుపెట్టిన వారం పరిచయంలో వేశారు. తిన్‌సుకియాలో రైల్వే ఉద్యోగం చేస్తూ ఆ భాష నేర్చుకున్న తెలుగాయనెవరో, ఆ మాసపత్రిక అందగానే ఏ నెలకానెల అనువాదం చేసి పంపేవాడట. కాకతి అంటే మన కాకతీయులకు ఏమైనా అవుతారేమోనని అమ్మకు చివరిదాకా అనుమానమే.

కథ చిన్నదే. నది ఒడ్డున ఫూలేశ్వరి అనే ఆవిడ ఇల్లు. కూతురు రంగిలి తల్లితో గొడవపడి ఊరొదిలి పోతుంది. ఏటా వానాకాలంలో నది ఒడ్డును కోసుకుంటూ ఇంటివైపు జరుగుతుంది. పోకచెట్లు పోతాయి, పశువుల కొట్టం పోతుంది. ఊళ్లోవాళ్లు వెదురు ఇళ్లు విప్పుకుని లోపలికి మోసుకుపోతారు. ఫూలేశ్వరి కదలదు. 'అది తిరిగొస్తే ఎక్కడికొస్తుంది?' అంటుంది. గట్టు వాకిట్లోకి వచ్చిన సాయంత్రం పడవ దిగి రంగిలి వస్తుంది. తల్లి ఏమీ అడగదు. 'కాళ్లు కడుక్కో, అన్నం పెడతాను' అంటుంది. అంతే, సమాప్తం.

ఆ వారం అమ్మ వంటింటి గుమ్మంలో కూర్చుని కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఎనిమిదో తరగతి చదువుతున్న నాకు అందులో ఏడవడానికి ఏముందో తెలియలేదు. స్మృతి వెళ్లాక ఆ ఆఖరి పేజీ ఎన్నిసార్లు చదివానో చెప్పలేను. అన్నం పెడతాననే మాట దగ్గర ప్రతిసారీ నాకు ధైర్యం వచ్చేది.

నేను పనిచేసే బయోటెక్ కంపెనీలో నా విభాగంలోకి కిందటి చలికాలం రియా అనే అమ్మాయి వచ్చింది. ఇక్కడే పుట్టిన పిల్ల. ఒకరోజు లంచ్ దగ్గర వాళ్ల ఐతా, అంటే నాయనమ్మ, తమతోనే ఉంటుందని, చూపు పోయిందని, ఒకప్పుడు పెద్ద రచయిత్రి అని చెప్పింది.

"నేను ఒక్కటి కూడా చదవలేదు. నాకు స్క్రిప్ట్ రాదు కదా," అంది నవ్వుతూ.

పేరడిగాను. చెప్పింది. నా చేతిలో చెంచా అలాగే ఉండిపోయింది. నా బైండు పుస్తకంలోని మనిషి బాతెల్‌లో, మా ఇంటికి పది నిమిషాల దూరంలో కూర్చుని ఉంది.

ఆ శనివారమే వెళ్లాను. కిటికీ పక్కన కుర్చీలో, ఎర్రంచు తెల్లటి మేఖేలా చాదర్, వాళ్ల రెండు ముక్కల చీర, కట్టుకుని, ఎముకలకు చర్మం అతికించినట్టున్న ముసలావిడ. చూపు లేకపోయినా మనవైపే సూటిగా చూస్తున్నట్టుంటుంది. రియా నన్ను పరిచయం చేస్తూ, అస్సామీవాళ్లందరూ ఆమెను హేమా బాయిదేవ్ అంటారని, నన్నూ అలాగే పిలవమంది. బాయిదేవ్ అంటే అక్కగారు. మా ఇద్దరికీ ఉమ్మడిగా ఉన్నది కాస్త చెడిపోయిన హిందీ, కాస్త ఇంగ్లీషు. ఆ మాటలన్నీ ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

బైండు చేతికిచ్చాను. తడిమింది, వాసన చూసింది.

"ఇది పుస్తకం కాదు. కుట్టు చేత్తో వేసింది," అంది.

అమ్మ కథంతా చెప్పాను. పేజీల వెనక ఏముందో చదివించుకుంది. తలనొప్పి మాత్రల ప్రకటనకి పగలబడి నవ్వింది. "నా నవల చదివాక అవసరమే," అంది.

ఆవిడ నవలల కంటే ఆవిడ ఎర్ర పెన్సిలే ఎక్కువ ప్రసిద్ధమని ఆ రోజే తెలిసింది. ముప్పై ఏళ్లపైన పత్రిక నడిపిందట. ఎవరి కథ వచ్చినా ముందు ఆఖరి పేరా కొట్టేసి, తర్వాత చదవడం మొదలుపెట్టేదట. పెద్దా చిన్నా తేడా లేదు. కొందరు అలిగి వేరే పత్రికలకు పోయారు. కొందరు ఆఖరున కావాలని ఒక పనికిమాలిన పేరా చేర్చి పంపేవారు. దాన్నీ దాని ముందుదాన్నీ కలిపి కొట్టేసేది. ఆ భాషలో రెండు తరాలవాళ్లు కథ ఎక్కడ ఆపాలో ఆవిడ దెబ్బలు తినే నేర్చుకున్నారు. ఇప్పటికీ వీడియో కాల్‌లో పడుచు రచయితలు కథలు వినిపిస్తారు. ఆవిడ వింటూ వింటూ చెయ్యెత్తుతుంది. అక్కడ ఆపాలి.

"నీ భాషలో ఎలా మోగుతుందో వింటాను. చదువు," అంది.

మొదటి అధ్యాయం చదివాను. కుర్చీ చేతిమీద వేళ్లతో తాళం వేస్తూ వింది. తర్వాత, ఈ పాత కాగితాలు సముద్రం దాటించి ఎందుకు తెచ్చుకున్నావని అడిగింది. నాకేమైందో తెలియదు. పాట్‌లక్‌లలో ఎవరికీ చెప్పనిదంతా, ముక్కూ మొహం తెలియని ఆవిడకి చెప్పేశాను. స్మృతి, పోలీసులు, బోస్టన్, ఎడిసన్‌లో రాజ్, నేను అమ్మనంటున్న ఇల్లు, అంతా. వెక్కిళ్లు పెట్టి ఏడ్చాను కూడా. ఆవిడ ఓదార్చలేదు. ఏడుపయ్యేదాకా ఆగి, "ఇప్పుడు ఆఖరు చదువు," అంది.

నాకు అది చదవక్కర్లేదు, నోటికి వచ్చు. అయినా పేజీ తిప్పి చదివాను. సగంలోనే ఆవిడ వేళ్లు ఆగిపోయాయి.

"రంగిలి పేరెందుకు వినిపిస్తోంది?"

"వచ్చింది కదా. పడవ దిగి వస్తోంది."

"నా పుస్తకంలో రంగిలి రాదు."

అనువాదకుడు మార్చేసి ఉంటాడనుకున్నాను. మా ఏలూరు పాఠకుల కోసం సంపాదకుడు కూతుర్ని తిరిగి రప్పించి ఉంటాడు, అలాంటివి జరిగేవి. ఆ మాటే అన్నాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది.

"తర్వాత ఏమంది తల్లి? కాళ్లు కడుక్కో అందా?"

"అవును. అన్నం పెడతాను అంది."

చెయ్యి చాచి బైండు తన ఒళ్లోకి తీసుకుంది. "నేను రాసిందే అది," అంది. "మాసపత్రికలో ముందు అలాగే రాశాను. మీ రైల్వే ఆయన పత్రిక చూసి చేశాడు, పుస్తకం చూడలేదు. పుస్తకం వచ్చేసరికి నేను ఆ అధ్యాయం కొట్టేశాను."

"ఎందుకు కొట్టేశారు?" అన్నాను. నా గొంతు నాకే గట్టిగా వినిపించింది.

ఆవిడ చెప్పింది. నదికి అవతలి ఒడ్డున ఒక ఊరు. అక్కడ తరులత అనే ఆవిడ కొడుకు ఇల్లొదిలి పోయాడు. ఆ ఊరి స్కూలు మాస్టారు భార్య, మధ్యాహ్నాలు పదిమంది ఆడవాళ్లను కూర్చోబెట్టి ఈ సీరియల్ చదివి వినిపించేది. ఆ ఏడు గట్టు బాగా కోసుకుపోతుంటే తరులతను తీసుకుపోవడానికి మేనల్లుడు పడవ వేసుకుని వచ్చాడు. ఆమె రానంది. ఫూలేశ్వరి ఆఖరి రోజుదాకా ఉంది, ఆఖరి రోజే కూతురు వచ్చింది, నువ్వు పోరా, అంది. రెండోసారి వచ్చినప్పుడు అక్కడ ఇల్లూ లేదు, ఒడ్డూ లేదు. ఆ కుర్రాడు తిన్నగా గౌహతి వచ్చి, పత్రికాఫీసులో ఈవిడ బల్ల ఎదురుగా కూర్చుని, జరిగింది జరిగినట్టు చెప్పాడు. కేకలు వెయ్యలేదు. టీ ఇస్తే తాగాడు. మీరే రాశారని తెలిసి చూసిపోదామని వచ్చాను, అన్నాడు.

"ఆ రోజునుంచి ఆఖరి పేరా ఎవరిదైనా నాకు భయం," అంది. "పుస్తకంలో ఫూలేశ్వరి పడవెక్కి వెళ్లిపోతుంది. గొప్ప ముగింపని అందరూ మెచ్చుకున్నారు. శాలువాలు కప్పారు. ఎందుకు మార్చానో ఎవరూ అడగలేదు, నేను చెప్పలేదు. పాతది పాత కాగితాల్లో కలిసిపోయిందనుకున్నాను. అది రైలెక్కి మీ ఊరు వెళ్లిందని నాకెలా తెలుస్తుంది?"

జాలిపడాల్సిన చోట నాకు కోపం ముంచుకొచ్చింది. నా నోరు అంతే.

"ఒడ్డు కూలితే మీ తప్పేంటి? అది నది తప్పు. గవర్నమెంట్ తప్పు. దానికి పుస్తకం మార్చేస్తారా?"

"కావచ్చు. కానీ ఆమె నోట ఉన్నది నా మాట."

"నా కూతురు వస్తుంది."

"రావచ్చు," అంది ఆవిడ. "రంగిలి కూడా వచ్చిందేమో, నాకు తెలియదు. రాలేదని నేనెక్కడా రాయలేదు. ఫూలేశ్వరి వెళ్లిపోయిందని మాత్రమే రాశాను."

బైండు ఆవిడ ఒళ్లోంచి దాదాపు లాక్కుని వచ్చేశాను. చెప్పులు వేసుకుంటుంటే రియా ఏమైందని అడిగింది. ఏమీ లేదు, లేటయిందన్నాను. కారులో కూర్చుని ఆవిణ్ణి తెలుగులో తిట్టగలిగినన్ని తిట్లు తిట్టాను. ఇంత వయసు వచ్చి, కళ్లు పోయి, ఇంకా ఎదుటివాళ్ల ఆఖరి పేరా కొట్టేసే బుద్ధి పోలేదని తిట్టాను. ఇంటికొచ్చి స్మృతి గదిలోకి పోయి, దుమ్ము లేకపోయినా దుమ్ము తుడిచాను. ఆ ఆదివారం రాజ్ అడిగితే మామూలుగానే వద్దన్నాను. కానీ మొదటిసారి ఆ మాట నాకు అబద్ధంలా వినిపించింది. తరులత అనే మనిషిని నేనెప్పుడూ చూడలేదు. అయినా రాత్రీ పగలూ మా ఇంట్లోనే తిరిగింది.

నెల గడిచింది. ఒకరోజు రియా నా టేబుల్ దగ్గరికొచ్చి నెమ్మదిగా అంది.

"ఐతా హాస్పిస్‌లో ఉంది ఇప్పుడు. ట్రీట్‌మెంట్ ఆపేశారు, ఇంట్లోనే, నర్స్ వస్తోంది. రోజూ అడుగుతోంది, తెలుగు అమ్మాయి రాలేదా అని. మీరు వస్తారా, ఆంటీ?"

ఆఫీసులో రేణు అని పిలిచే పిల్ల ఆంటీ అనేసరికి నా బింకం జారిపోయింది. ఆవిడకి నేనింకా అమ్మాయినేనట.

మంచం మీద ఆవిడ సగమైపోయి ఉంది. గొంతు మాత్రం అలాగే ఉంది. నేను క్షమాపణ చెప్పబోతే చెయ్యెత్తి ఆపింది. కాగితం, కలం తెచ్చుకోమంది. ఆఖరి అధ్యాయం చెబుతాను, తెలుగులో రాయి, నీ కుట్టులో తప్పు పేజీలున్నాయి, సరిచేయకుండా పోలేను అంది.

అన్నీ మర్చిపోయినా ఆ అధ్యాయం ఆవిడకి కంఠతా వచ్చు. ఒక వాక్యం అస్సామీలో చెప్పేది, అదే హిందీలో చెప్పేది, నేను తెలుగులో రాసి వినిపించేదాన్ని. తెలుగు ముక్క తెలియకపోయినా, వాక్యం పొడుగు ఆవిడకి తెలిసిపోయేది. ఫూలేశ్వరి ఆ పొద్దున లేచి ఇల్లంతా అలికింది. నేను "పాపం" అని ఒక్క మాట చేర్చాను.

"ఒకటి ఎక్కువుంది. తీసెయ్," అంది కళ్లు మూసుకునే.

తీసేశాను. పొయ్యి అలికింది, గుమ్మం అలికింది, కాసేపట్లో నదిలో కలిసే వాకిలి కూడా ఊడ్చింది. ఒడ్డున పడవ ఆగింది. ఫూలేశ్వరి పడవెక్కింది. వెనక్కి తిరిగి ఇంటివైపు చూస్తూ ఎక్కింది, అని రాశాను.

"మళ్లీ ఎక్కువైంది. ఏం కలిపావు?"

చెప్పాను. చూడలేదు, కొట్టెయ్ అంది. నాకు ఒళ్లు మండింది. "తల్లి కదా బాయిదేవ్, చూడకుండా ఎలా ఎక్కుతుంది?"

"చూసి ఉంటే దిగిపోయేది," అంది.

కొట్టేశాను. ఇంక రెండే వాక్యాలున్నాయంది. పడవవాడు గెడ చేతిలోకి తీసుకుని, ఇంకెవరైనా రావాలా అని అడిగాడు. అది రాశాను. 'లేదు, పోనీ' అంది ఫూలేశ్వరి. ఆ వాక్యం నేను రాయలేదు. కలం కాగితం మీద పెట్టి కూర్చున్నాను. రాశానని చెబితే ఆవిడకి తెలియదు, చూపు లేదు. కానీ చదవమంటుంది. ఆవిడ తొందరపెట్టలేదు. నర్సు వచ్చి మందు వేసి వెళ్లింది. బయట వాన పడుతోంది. చివరికి ఆవిడ మంచం మీదినుంచి చెయ్యి చాచి, వెతుక్కుని, నా మణికట్టు పట్టుకుంది. చేతిలో బలమే లేదు.

"తరులతను నేను చూడలేదు. నిన్ను చూశాను," అంది. చూపు లేని మనిషి అంది ఆ మాట.

నేను రాశాను. చదివి వినిపించాను. ఆవిడ వాక్యం పొడుగు సరిచూసుకుని తలూపింది.

ఆ వారం దాటకుండానే పోయింది. సంస్మరణ సభకి ఈ చుట్టుపక్కల అస్సామీవాళ్లందరూ వచ్చారు. గౌహతినుంచి వీడియోలో నెరిసిన గడ్డాల రచయితలు ఒక్కొక్కరే మాట్లాడారు. అందరూ ఎర్ర పెన్సిల్ గురించే చెప్పారు. ఒకాయన, బాయిదేవ్ కొట్టేసిన నా పేరాలన్నీ దాచుకున్నాను, ఇప్పుడు చదివితే ఒక్కటీ ఉండాల్సింది కాదు అని నవ్వబోయి, ఏడ్చేశాడు. రియా లేచి, ఐతా ఆఖరిసారి పనిచేసింది మా ఆంటీతో అని నన్ను పిలిచింది. తెలుగులోనే చదివాను. అక్కడ ఒక్కరికీ తెలుగు రాదు. ఫూలేశ్వరి పేరు వినపడగానే హాల్లో అందరూ సర్దుకుని కూర్చున్నారు. 'లేదు, పోనీ' అనే మాట బయటికి, మనుషుల మధ్య, అప్పుడే మొదటిసారి అన్నాను. 

కిందికి దిగాక రియా నన్ను ఒక పక్కకి తీసుకెళ్లింది.

"ఎండింగ్ ఏంటి ఆంటీ? నాకు చెప్పండి. ఆ కూతురు వస్తుందా?"

నాయనమ్మ నవల చివర ఏమవుతుందో ఆ పిల్లకి చెప్పే యోగం నాకు పట్టింది. తెలియదు, తల్లి మాత్రం పడవెక్కి వెళ్లిపోయిందని చెప్పాను. రియా నా భుజం మీద తల పెట్టి ఏడ్చింది. స్మృతిది కూడా సరిగ్గా అంతే ఎత్తు.

ఆ ఆదివారం రాజ్ ఫోన్ కోసం ఆగలేదు. పొద్దున్నే నేనే చేశాను. అతను బట్టలు ఉతుక్కుంటున్నాడు, వెనక మెషీన్ మోత వినిపిస్తోంది.

"రాజ్, ఇల్లు అమ్మేద్దాం. నేను అక్కడికి వచ్చేస్తాను. రేపు రియల్టర్‌ని రమ్మంటున్నా."

 చేతిలోని బట్టల బుట్ట కింద పెట్టిన చప్పుడైంది.

"ఏమైంది? ఒంట్లో బాలేదా?" అన్నాడు.

"బానే ఉంది. నువ్వు చెప్పిందే చేస్తున్నా."

"అంటే... ఇప్పుడే ఏం తొందర? ఇంట్రెస్ట్ రేట్స్ చూసుకుని చేద్దాం. సమ్మర్ అవనీ."

"సమ్మర్ దాటితే కష్టమని నువ్వేగా అన్నావ్."

"అన్నాను. అన్నాన్లే. కాదు రేణూ, రూఫ్ పని ఒకటుంది కదా, అది చేయించకుండా ఎలా పెడతాం?"

"రూఫ్ బానే ఉంది రాజ్."

 మెషీన్ ఆగిపోయింది. 

"స్మృతి రూమ్ ఏం చేస్తావ్?" అన్నాడు.

అది వెళ్లాక, మా ఇద్దరి మధ్య, అతని నోట ఆ పేరు వినడం అదే మొదటిసారి.  సర్దుతాను అన్నాను. సర్దడం అనే మాట అంత కటువుగా ఉంటుందని అప్పటిదాకా నాకు తెలియదు.

"రేణూ," అన్నాడు.  "నువ్వు వద్దంటావనే కదే, నేను అడిగేది. ప్రతి వారం నువ్వు వద్దంటావు, నేను ఫోన్ పెట్టేసి హాయిగా పడుకుంటాను. అక్కడ నువ్వున్నావు, అది వస్తే తలుపు తీస్తావు అనుకుని. నువ్వు కూడా వచ్చేస్తే ఇంక అక్కడ ఎవరుంటారే?"

రాజ్ ఏడుస్తున్నాడు. ముప్పై ఏళ్ల కాపురంలో అతను ఏడవడం నేను వినలేదు. పోలీసు కుర్రాడు వచ్చి వెళ్లిన రోజు కూడా లాన్ కోశాడు. గుండె రాయి చేసుకున్నాడని ఎన్నిసార్లు తిట్టుకున్నానో. అతని ఎదురుచూపు కూడా నేనే చూస్తున్నానని, అతని వంతు కూడా నా చేతుల్లోనే పెట్టి వెళ్లాడని, ఇప్పుడు రెండూ కలిపి నేను కింద పెట్టేస్తున్నానని నాకు అప్పుడు అర్థమైంది.

నా నోటిదాకా వచ్చింది. సరేలే, వద్దులే, ఇంకొన్నాళ్లు చూద్దాం. ఆ మాట ఒక్కటి అంటే అతను ఊరుకుంటాడు. మళ్లీ ఆదివారం అడుగుతాడు, మళ్లీ నేను వద్దంటాను.

నేను వద్దంటానేమోనని రాజ్ చాలాసేపు ఫోన్ పట్టుకునే ఉన్నాడు. నేను అనలేదు.